లోకనాథం మెడమీద ఎలుగు

నేను ఒక చర్మపు ముక్కను. అరచేయంత ఉంటాను. లోకనాథం ఛాతీకి ఎడమపక్కన, చొక్కా చాటున, ఒత్తుగా వెంట్రుకలు పెంచుకుని నలభై ఏళ్ళకు పైగా సుఖంగా బతికాను. ఎండ ఎరగను, పని ఎరగను. ఇప్పుడు నా కాపురం అతని మెడమీద.

లోకనాథానికి ఉద్దానంలో జీడితోట ఉంది. ఒక వేసవి పొద్దున పళ్ళు ఏరడానికి వెళ్తే, పొద వెనక ఎవరో వంగి కనిపించారు. దొంగ అనుకుని, “ఎవుల్రా నా తోటలో?” అని కేకేశాడు. వంగినది లేచి నిలబడింది. ఎలుగుబంటి. అదీ హడలిపోయిందనే నా నమ్మకం. అయితే దాని భయానికి గోళ్ళున్నాయి. ఒక్క విసురుకు ఇతని మెడ ఒక పక్కంతా లేచిపోయింది. పక్కతోటల వాళ్ళు డబ్బాలు కొడుతూ వచ్చేసరికి అది పారిపోయింది. భార్య దమయంతి గాయం మీద తువ్వాలు అదిమిన చేయి పట్నం ఆసుపత్రి దాకా తీయలేదు.

ప్రాణం నిలిచింది కానీ గాయం మానలేదు. చీము పట్టి, లోపలి పెద్ద రక్తనాళం బయటపడింది.

“అది ఎప్పుడైనా పగలొచ్చమ్మా,” అంది డాక్టరమ్మ. “పైన పలచటి చర్మం అతికిస్తే నిలవదు. ఛాతీమీది చర్మాన్ని కింద కండతో సహా లేపి, దానికి రక్తం అందించే నాళం తెగకుండా మెడమీదికి తిప్పుతాం.”

దమయంతి అడిగింది: “గుండెల మీద తోలు తీసేస్తే గుండికి సలి ఎయ్యదా అమ్మా?”

డాక్టరమ్మ నవ్వలేదు. “అక్కడ రెండంచులూ దగ్గరికి లాగి కుట్టేస్తామమ్మా,” అంది.

అలా నన్ను కండతో సహా లేపి, భుజపుటెముక మీది చర్మం కింద దారి చేసి, అందులోంచి మెడమీదికి లాగి కుట్టారు. ఆ తర్వాత గంటగంటకూ నర్సు వచ్చి నన్ను వేలితో నొక్కేది. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే బతికున్నట్టు. నా రంగు గురించి లోకంలో ఎవరైనా బెంగపడటం అదే మొదలు. ఒకరోజు నేను నీలం తిరిగాను. వార్డంతా పరుగులు. తీరాచూస్తే, పక్కమంచం వాళ్ళు ఏం కూర తింటున్నారో చూద్దామని లోకనాథం మెడ తిప్పాడు. నా రక్తనాళం నలిగిపోయింది. డాక్టరమ్మ తల నిటారుగా పెట్టించి, అటు తెర కట్టించింది. వంకాయకూర కోసం చావబోయి బతికాం.

ఇంటికొచ్చాక నా వెంట్రుకలు మళ్ళీ పెరిగాయి. నేను వయసొచ్చినప్పటినుంచీ చేస్తున్న పని అదొక్కటే. ఊళ్ళో మాత్రం మెడకు ఒక పక్కే నల్లగా, ఒత్తుగా వెంట్రుకలున్న మనిషిని ఎవరూ చూసి ఎరగరు. దమయంతి పినతల్లి సూరమ్మ తేల్చేసింది: “మనిసితోలు దొరక్క ఆ ఎలుగుతోలే ఏసీసినారు!”

“కాదు పిన్నీ, ఇది మా మావ గుండిమీద తోలే,” అని దమయంతి మొత్తుకుంది. నమ్మితే గదా! అతన్ని చూసి కుక్కలు మొరిగినా, అతను ఎలుగులకిష్టమైన పనసపండు తిన్నా, జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎలుగు వెంట్రుక తాయెత్తులో కట్టుకుంటే పిల్లలకు జడుపు పోతుందని మా వైపు నమ్మకం. తల్లులు వరసకట్టారు. కాదనలేక లోకనాథం మెడ వంచేవాడు. నేను ‘అబ్బా’ అనడానికి నోరులేనిదాన్ని.

కబురు అటవీశాఖ దాకా వెళ్ళింది. ఎలుగు వెంట్రుకలు పంచుతున్నారట, నేరమట. ఆఫీసరు జీపులో వచ్చి నన్ను భూతద్దం పెట్టి చూశాడు, ఎందుకో వాసన కూడా చూశాడు. చివరికి లోకనాథాన్ని కళ్ళు మూసుకోమని, నన్ను గట్టిగా గిల్లాడు. లోకనాథం మెడ వదిలేసి ఛాతీ పట్టుకున్నాడు.

“బాబోయ్, ఈడ గిల్లినారేటి బాబూ?”

నిజంగానే నా నరాలకు ఇల్లు మారిన సంగతి ఇంకా తెలియదు. ఆఫీసరు జనంవైపు తిరిగి, “ఎలుగుతోలైతే ఇతని గుండెల్లో ఎలా నొప్పి పుడుతుంది? ఇది ఇతనిదే. ఆ తాయెత్తులు విప్పేయండి,” అన్నాడు.

ఒక్కరూ విప్పలేదు. సూరమ్మే అంది: “మనిసిదైతే ఏటి బాబూ? మా మనవడు జడుపు లేకుండా పడుకుంటన్నాడు.”

ఆఫీసరు తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఊరందరికీ ధైర్యం పంచిన మనిషి మాత్రం ఎలుగు చీరిన రోజు తర్వాత తోటలో అడుగు పెట్టలేదు. ఆకు కదిలినా నా కింద అతని నాడి దడదడా కొట్టుకునేది. దమయంతి ఒక్కతే వెళ్ళి ఏరుకొచ్చేది. సగం పళ్ళు చెట్టుకిందే కుళ్ళేవి.

ఒక పొద్దున ఆమె బుట్ట ఎత్తుకుంటుంటే, లోకనాథం నేలచూపులు చూస్తూ అన్నాడు:

“ఒలే... నాకూ ఒకటి కట్టవే.”

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా మీదినుంచి ఒక వెంట్రుక పీకి, నల్లదారంలో ముడివేసి, అతని జబ్బకు కట్టింది. “పద మావా,” అంది.

తోటలో ఎక్కడో పొద కదిలింది. అతను వణికాడు, నేనూ వణికాను. అయినా అతను పారిపోలేదు. ఒంగి ఒక పండు తీసి బుట్టలో వేశాడు, తర్వాత ఇంకొకటి.

ఎండెక్కేసరికి బుట్ట నిండింది.