ఎవరి వైపుదీ కాని పేరు

పిల్ల పుట్టి నలభై రోజులైంది. నలభై రెండో రోజు దాటకుండా కౌన్సిల్ ఆఫీసులో పేరు రాయించాలి. శ్రీకర్ ఇంట్లో మాత్రం నామకరణం మధ్యలో 'క' ఎక్కడో జారవిడుచుకుని నామరణమై కూర్చుంది.

రణరంగం లండన్ పక్కన స్లౌ అనే ఊళ్ళో రెండు గదుల ఫ్లాట్. ఒక గదికి సేనాని శ్రీకర్ తల్లి నిర్మలాదేవి. పోయిన తన అత్తగారి పేరు, పేరిందేవి, పెట్టి తీరాలంటుంది. "పేరులోనే పేరుంది, ఇంకేం కావాలిరా?" రెండో గదికి సేనాని శ్రీకర్ అత్తగారు పుష్పలీల. ఆవిడ అమ్మ పేరు తాయారమ్మ. "వెతుక్కోడం దేనికి బాబూ, తయారుగా ఉంటేనూ!"

ఓడిన మరుక్షణం పెట్టె సర్దుకుని విమానమెక్కేస్తానని ఇద్దరూ విడివిడిగా ప్రకటించారు. అదే జరిగితే శ్రీకర్ కొంప మునిగినట్టే. నిర్మలాదేవి వెళితే పిల్లకి నలుగు పెట్టి నీళ్ళు పోసే చెయ్యి పోతుంది. పుష్పలీల వెళితే బాలింతకి పథ్యం వండే చెయ్యి పోతుంది. శ్రీకర్‌కున్న రెండు చేతులకీ కీబోర్డు కొట్టడం తప్ప ఏమీ రాదు.

"ఏమండీ, ఎవరి వైపుదీ కాని పేరు కావాలి," అంది అతని భార్య కిరణ్మయి, పిల్లని భుజాన వేసుకుని జోకొడుతూ. "అసలు మన దేశానిదే కాకూడదు. పై ఫ్లాట్లో హిరోకోని అడగండి. జపాన్‌లో మనకి చుట్టాలెవరూ లేరు."

హిరోకోకి ఏడో నెల. సంగతి విని వినయంగా వంగింది. శ్రీకర్ వంగాడు. ఆవిడ మళ్ళీ వంగింది. నడుం పట్టేస్తున్నా అతనూ వంగాడు.

"పేరంటే చిన్న విషయం కాదు. మా అమ్మనీ, అత్తగారినీ అడిగి చెప్తాను," అంది ఆవిడ.

ఆ మాట చెవిన పడగానే శ్రీకర్ పారిపోవలసింది. పారిపోలేదు.

నలభై రెండో రోజు పొద్దున్నే హిరోకో ఏడ్చి ఉబ్బిన కళ్ళతో కిందికి దిగివచ్చింది. తల్లి సచికో అందిట. అత్తగారు మిచికో అందిట. ఇద్దరూ తమ మనవరాలి కోసం దాచుకున్న పేర్లట అవి. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు.

శ్రీకర్ ఇదంతా తెలుగు చేసి చెప్పాడు.

"సచికో, మిచికో! చివర ఈ కో ఏమిటి బాబూ? తెలుసుకో, సర్దుకోలో కోయేనా?" అంది పుష్పలీల.

"అయితే మీకే పనికొస్తుంది వదినగారూ. పెట్టె సర్దుకో!" అంది నిర్మలాదేవి.

హిరోకో ముక్కు తుడుచుకుని ఒక చీటీ అందించింది. "ఇది వాళ్ళిద్దరికీ తెలీదు. యూకీ. మంచు అని అర్థం."

పిల్ల పుట్టిననాడు కారు తలుపు తెరుచుకోనంత మంచు కురిసింది. శ్రీకర్‌కి అంతకు మించిన జాతకం అక్కర్లేకపోయింది.

ఆఫీసుకి తల్లీ, అత్తగారూ ఇద్దరూ వచ్చారు, అవతలావిడ తన వైపు పేరు దొంగచాటుగా రాయించేస్తుందేమోనని ఒకరికొకరు కాపలాగా. శ్రీకర్ గట్టిగా "యూకీ" అన్నాడు.

"యూకేలో యూకీ!" అని నవ్వింది రిజిస్ట్రార్. ఆ జోకు శ్రీకర్ దారంతా దాచుకుని తెచ్చుకున్నది. జేబు కత్తిరించినట్టయింది.

అయినా కారులో రెండు మొహాలూ వెలిగిపోతున్నాయి.

"పోనీలే, తాయారమ్మ కాలేదు," అని ఒకరు గొణిగారు.

"పేరిందేవి తప్పింది, అంతే చాలు," అని ఇంకొకరు. పెట్టెలు మంచం కిందికి వెళ్ళాయి. నలుగూ పథ్యమూ యథావిధిగా సాగాయి.

రెండు నెలలకి హిరోకోకి ఆడపిల్ల పుట్టింది. ఐదో రోజున పసిపిల్లని ఎత్తుకుని వచ్చి, గుమ్మంలోనే వంగింది.

"మా అమ్మ సచికో అంటే వదలదు. మా అత్తగారు మిచికో అంటే వదలదు. దయచేసి ఒక తెలుగు పేరు ఇవ్వండి. ఎవరి వైపుదీ కానిది."

శ్రీకర్ తెలుగు చేయకూడదనుకున్నాడు. కిరణ్మయి చేసేసింది.

"పేరిందేవి!"

"తాయారమ్మ!"

"ఒరేయ్, నా పెట్టె తియ్యి!"

"బాబూ, పక్కనే నాదీ ఉంది, అదీ తియ్యండి!"

కిరణ్మయి యూకీని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "కింద ఫ్లాట్లో పోలండువాళ్ళున్నారు కదండీ!"

శ్రీకర్ చెప్పులు వెతుక్కోకుండానే తలుపు తీశాడు.

పోలండాయన అప్పటికే మెట్లెక్కి పైకి వస్తున్నాడు, గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డుని గుండెకి హత్తుకుని. వెనకాల ఇద్దరు పెద్దావిడలు, ఒకరి మొహం ఒకరు చూడకుండా, చెరో గోడనీ ఆనుకుని ఎక్కుతున్నారు.