ఊడనన్న బ్యాక్‌రెస్ట్

మా మోర్స్ దీవిలో ఏటా జరిగే మోటారుసైకిళ్ళ జాతరలో అన్నిటికన్నా పెద్ద ఆట సాసేజ్ కొరుకుడు. రెండు గుంజల మధ్య తాడు కట్టి, దానికి మాంసం కూరిన ఎర్ర సాసేజ్ ఒకటి వేలాడదీసి, ఆవముద్ద దట్టంగా పూస్తారు. బండి తోలే మనిషి నడక వేగంతో దాని కింద నుంచి పోవాలి, నేలకు కాలు ఆనకూడదు. వెనకున్న మనిషి లేచి నిలబడి, చెయ్యి తగలకుండా, పళ్ళతో దొరికినంత కొరకాలి. ఎవరు ఎక్కువ కొరికితే వాళ్ళదే గెలుపు. వినడానికి ఇంతే. కానీ దీని మీద మాట పట్టింపులొచ్చి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు మా దీవిలో ఉన్నాయి.

మా ఆయన ఐవిన్ తోలతాడు, నేను కొరుకుతాను. నా పేరు విబెకె. ఒకప్పుడు మాకు ఎదురే లేదు. రెండేళ్ళ కిందట ఐవిన్ నడుముకు ఆపరేషన్ అయింది. బండి తోలుకోవచ్చు గానీ వీపుకు దన్ను ఉండి తీరాలన్నాడు డాక్టరు. దాంతో తోలేవాడి సీటు వెనక, సరిగ్గా మా ఇద్దరి మధ్య, ఒక బ్యాక్‌రెస్ట్ వచ్చి కూర్చుంది. ఇనప కడ్డీ, దాని మీద నల్ల తోలు దిండు. రెండేళ్ళుగా నేను పట్టుకున్నది నా మొగుడి నడుము కాదు, ఆ దిండు! ఇక ఆట సంగతి చెప్పనే అక్కర్లేదు. లేచి నిలబడితే అది కడుపులో పొడుస్తుంది. పైగా ఆటలు నడిపే ఆయన, కార్లో అని, బండి సీటు మీద అలాంటివేవీ ఉండకూడదని నియమం పెట్టాడు. మేం లేని ఆ రెండేళ్ళూ హెన్నింగ్, వాడి పెళ్ళాం సోల్వై గెలిచారు. సోల్వై మంచిదే, నాకు ఆవిడంటే ఇష్టమే. కానీ ఆవిడ కొరకడం చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. కొనపళ్ళతో గీకుతుంది, అంతే!

ఈ వసంతంలో డాక్టరు ఆ దన్ను ఇక అక్కర్లేదన్నాడు. ఆసుపత్రి అని కూడా చూడకుండా అక్కడే గంతేశాను. ఈ ఏడు ఆడుతున్నాం, గెలుస్తున్నాం. ఇంట్లో రోజంతా నాది అదే పాట. ఐవిన్ ప్రతిసారీ "ఊఁ" అనేవాడు. మా ఆయన మాటకారి కాదు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

తీరా జాతర రోజున, మధ్యాహ్నం కాఫీలయ్యాక, కార్లో దగ్గర పేర్లు ఇచ్చి వచ్చి బ్యాక్‌రెస్ట్ తీయబోతే అది రాలేదు. పక్కన బొత్తాం ఉంటుంది, నొక్కి పైకి లాగితే కడ్డీ ఊడి రావాలి. నొక్కాను, లాగాను. ఊపాను. తిట్టాను. అబ్బే, చలనం లేదు.

"తుప్పు పట్టుంటుంది" అన్నాడు ఐవిన్, బూట్ల వైపు చూస్తూ.

మా జాతరలో ఒక బండికి ఏదైనా అయిందంటే చాలు, మైదానమంతా అక్కడే. క్షణంలో చుట్టూ గుంపు చేరింది.

"సముద్రపు గాలిరా, ఉప్పు! కడ్డీని తినేసుంటుంది" అన్నాడు ఒకడు.

"నూనె కొట్టండి!"

"నూనె కాదు, వేడినీళ్ళు పోయాలి. ఇనుము వ్యాకోచిస్తుంది."

"నీ మొహం వ్యాకోచిస్తుంది. జరుగు!"

నూనె కొట్టారు. కాఫీ ఫ్లాస్కులో మిగిలిన వేడినీళ్ళు పోశారు. చెక్క అడ్డం పెట్టి సుత్తితో కింద నుంచి పైకి తట్టారు. సోల్వై అయితే వాళ్ళ చేపల డబ్బాలో ఉన్న నూనె తెచ్చి ఒంపింది. ఇప్పుడు బండి ఊడని బ్యాక్‌రెస్ట్‌తో పాటు కంపు కూడా కొట్టసాగింది.

"నన్ను గెలిపించాలనుందా ఏంటి, తల్లీ?" అన్నాను.

"నువ్వు లేకుండా గెలిస్తే మజా ఏముంది విబెకె? రెండేళ్ళుగా చప్పచప్పగా ఉంది" అందావిడ. నిజమే చెబుతోంది. నాకు కళ్ళు చెమర్చాయి.

హెన్నింగ్ మనిషి ఎద్దులా ఉంటాడు. చొక్కా చేతులు మడిచి, దిండును వాటేసుకుని, "ఒకటీ, రెండూ!" అని లాగాడు. బండి వెనక చక్రం గాల్లోకి లేచింది గానీ బ్యాక్‌రెస్ట్ లేవలేదు. జనం ఈలలు వేశారు. అవతల మైకులో కార్లో అరుస్తున్నాడు: "విబెకె, ఐవిన్! మీ ముందు రెండే బండ్లు! వస్తారా, పేరు కొట్టేయనా?"

"కొట్టేశావో, నిన్నే తాడుకు వేలాడదీస్తా!" అని ఇక్కణ్ణుంచే అరిచాను.

హెన్నింగ్ చెమట తుడుచుకుని, "పై నుంచి కాదురా. సీటు విప్పి అడుగు నుంచి చూద్దాం. స్పానరివ్వండి" అన్నాడు.

"సీటు జోలికెళ్ళొద్దు!"

ఆ అరుపు ఐవిన్‌ది. గుంపు గుంపంతా ఠక్కున ఆగిపోయింది. మా ఆయన గొంతు అంత పైకి లేవగా నేను మా పెళ్ళయ్యాక విన్నది లేదు.

అప్పుడు చూశాను ఆ మనిషిని సరిగ్గా. ఎవరి బండి ఆగినా అడక్కుండానే వెళ్ళి సీటు విప్పే మనిషి. ఇంతమంది ఇన్ని సలహాలిస్తుంటే, తన సొంత బండికి ఒక్క మాట చెప్పలేదు. ఒక్కసారి చెయ్యి వేయలేదు.

"అందరూ పోయి కాఫీ తాగండి" అన్నాను.

"ఇప్పుడేగా తాగాం" అన్నాడు హెన్నింగ్.

"మళ్ళీ తాగు!"

సోల్వై వాడి చొక్కా పట్టుకుని లాక్కుపోయింది. నేను ఐవిన్ పనిముట్ల సంచి విప్పి సీటు బోల్టులు తీశాను. తను ఆపలేదు. సీటు అటువైపు ఎత్తి వంగి చూస్తే, కడ్డీ దిగే గొట్టానికి అడ్డంగా ఒక బోల్టు, దానికి నట్టు. తుప్పు మరక కూడా లేదు. కొత్తగా, తళతళా మెరుస్తోంది.

"నువ్వే బిగించావు కదూ?"

"ఊఁ."

"ఐవిన్! మైదానమంతా చేపనూనె కంపు చేసి, ఆ హెన్నింగ్ గాడి నడుము కూడా విరగ్గొట్టబోయి, నువ్వు నిలబడి చూస్తున్నావా? ఎందుకు?"

తను గడ్డిలో కూర్చున్నాడు. "కొట్టం వెనక ప్రాక్టీసు చేశాను, నువ్వు మీ అక్క దగ్గరికెళ్ళినప్పుడు. ఎడమ కాలు చచ్చుబడింది. ఉన్నట్టుండి. దించుదామంటే దిగలేదు. బండితో సహా పడ్డాను. తర్వాత ఇంకో రెండుసార్లు అంతే."

"బండి మీద ఆ గీత, కంచె గీసుకుందన్నావే..."

"అదే."

"డాక్టరుకు చెప్పావా?"

"చెబితే తాళాలు లాక్కుంటాడు." గడ్డి పీకుతూ అన్నాడు: "ఇది ఊడకపోతే ఆట ఉండదు. అందరూ తుప్పును తిడతారు. నన్ను చూసి అయ్యో పాపం అనరు. అది చాలనుకున్నాను."

నాకు కోపం ఎంతొచ్చిందో ఆ మనిషి మీద ప్రేమ కూడా అంతే పొంగుకొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను పని చేస్తాను. స్పానర్ పెట్టి నట్టు తిప్పాను. బోల్టు బయటికి జారింది. బ్యాక్‌రెస్ట్ ఒక్క చేతికి, వెన్నలోంచి చెంచా వచ్చినట్టు వచ్చేసింది.

"సోమవారం డాక్టరు దగ్గరికి. తప్పించుకుంటే చంపేస్తా. ఇంటికి హెన్నింగ్ వ్యాన్‌లో పోతాం. ఇప్పుడు మాత్రం నీ ఇష్టం. వద్దంటే వద్దు, నేనే పోయి పేరు కొట్టించుకుని వస్తా. ఎవడన్నా ఏమన్నా అంటే వాడి పని నేను చూసుకుంటా."

"పడితే?"

"గడ్డిలోగా పడేది. నా కొవ్వు నాకుందిలే."

తను లేచాడు. సీటు బిగించి, బండెక్కి, స్టార్ట్ చేశాడు. నేను వెనకెక్కి రెండు చేతులూ ఆ పొట్ట చుట్టూ వేశాను. రెండేళ్ళ తర్వాత! ఆ క్షణానికి సాసేజ్ కూడా మర్చిపోయాను.

మేం మైదానంలోకి రాగానే జనం హోరెత్తించారు. "ఊడిందిరోయ్!" అని హెన్నింగ్ ఎగిరాడు. సోల్వై అప్పుడే సగం సాసేజ్ కొరికేసి దిగింది. సగం! ఈ ఏడు గీకలేదు మహాతల్లి.

కార్లో జెండా ఊపాడు. బండి కదిలింది, గుడుగుడుమంటూ, నడక కన్నా నెమ్మదిగా. తాడు దగ్గరికి వచ్చింది. నేను తన భుజాల మీద చేతులాన్చి లేచాను. కింద ఆ భుజాలు వణుకుతున్నాయి.

"కూచోనా?" అని అరిచాను.

"కొరుకు!" అని అరిచాడు.

నోరు తెరిచాను. ముక్కులోకి ఆవముద్ద, కళ్ళలోకి నీళ్ళు, పళ్ళకు సాసేజ్! అది మొత్తం నోట్లోకి లాక్కుంటుండగానే బండి ఎడమకు ఒరగడం మొదలెట్టింది. జనం "కాలు! కాలు!" అని కేకలు వేస్తున్నారు. ఒరిగింది, ఇంకా ఒరిగింది, మెల్లగా, మర్యాదగా వెళ్ళి ఇంజనుకున్న ఇనప గార్డు మీద పడుకుంది. నేను గడ్డిలో దొర్లాను. తాడు, దాంతో పాటు ఒక గుంజ కూడా నాతోనే వచ్చాయి. కానీ పళ్ళు వదల్లేదు.

కార్లో పరిగెత్తుకొచ్చి, బండి పక్కన బోర్లా పడుకుని, గార్డు వెనకున్న ఐవిన్ బూటు వంక చూశాడు.

"పెడల్ మీదే ఉంది! కాలు ఆనలేదు! సాసేజ్ మొత్తం కొరికేసింది! గెలిచారు!"

ఇక చూడాలి ఆ గోల! టోపీలు గాల్లోకి లేచాయి. హెన్నింగ్ తొడ చరుచుకుంటూ వచ్చాడు. "ఒరేయ్ ఐవిన్, బండి పడిపోతున్నా కాలు దించలేదు చూడు! ఏం గుండెరా నీది! అందరూ చూడండిరా, మగాడంటే వీడు!"

ఐవిన్ ఇంకా ఒరిగిన బండి మీదే ఉన్నాడు. నావైపు చూశాడు. ఊఁ అంటే చాలు, ఆ పేరు జీవితాంతం తనదే. నేను నోటినిండా సాసేజ్‌తో చూస్తూ ఉండిపోయాను.

"గుండె కాదురా" అన్నాడు, అందరికీ వినబడేలా. "దించుదామనే చూశాను. ఈ కాలు రాలేదు. వసంతం నుంచి అంతే, చచ్చుబడిపోతోంది. ఆ బ్యాక్‌రెస్ట్ కూడా తుప్పు కాదు, నేనే బిగించాను. లేవలేను. ఎవరైనా చెయ్యివ్వండి."

అయ్యో పాపం అని ఒక్కరూ అనలేదు. హెన్నింగ్, "దొంగ వెధవా, నా నడుము!" అంటూనే చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. అక్కణ్ణుంచి మా గుడారం దాకా ఐవిన్ నా భుజం మీద బరువంతా వేసి, మైదానం మధ్య నుంచే నడిచాడు.