అక్క సగమే చెప్పింది

తమ్ముడు జీవితంలో ఏ పనీ ఓ కొలిక్కి తెచ్చిన పాపాన పోలేదని అక్క అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఆవిడేమీ మనసులో దాచుకోలేదు, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. చదువు మధ్యలో మానేశాడు. డ్రైవింగు నేర్చుకుంటానని పదిరోజులు తిరిగి మానేశాడు. పెళ్ళి అంతా కుదిరాక వద్దన్నాడు. చివరికి అక్క టైలరు కొట్లోనే ఓ మూల కూలబడి రఫ్ఫు పని పట్టుకున్నాడు. అదొక్కటి మాత్రం వాడి చేతికి పట్టుబడింది. సిగరెట్టు కాలి చిల్లుపడ్డ కోటు ఇస్తే, ఆ కోటు లోపలి అంచులోంచే పోగులు లాగి, ఒక్కో పోగూ కిందికీ పైకీ అల్లి, చిల్లు ఎక్కడుండేదో ఇచ్చినవాళ్ళే వెతుక్కునేలా చేసేవాడు. అందరూ రఫ్ఫు మాస్టరనేవారు. కొట్టు అక్కదే అయినా, వచ్చే జనంలో సగం మంది వాడికోసమే వచ్చేవారు.

అలాంటివాడు ఏడాదిగా చిక్కి సగమయ్యాడు. ఎడతెగని జ్వరం, నోట్లో పుళ్ళు. పరీక్షలో హెచ్‌ఐవీ అని తేలిన రోజు అక్క ఏడవలేదు, తిట్టింది. తెలిసిన తిట్లన్నీ అయిపోయాక వాడికి ఇస్త్రీ చొక్కా తొడిగి, మందుల కోసం ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

వాడు బయట బెంచీ మీద జ్వరంతో సోలిపోయి ఉంటే, డాక్టరమ్మ అక్కనొక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పింది.

"రోజూ ఒకే వేళకి, జీవితాంతం వేసుకోవాలమ్మా. ఇంకో సంగతి, ఇది బాగా వినండి. ఇన్నాళ్ళూ బలం లేక, లోపల దాక్కున్న క్రిముల్ని ఒళ్ళు పట్టించుకోలేదు. ఇప్పుడు బలం తిరిగొస్తుంటే వాటిని గుర్తుపట్టి ఒక్కసారిగా మీదపడొచ్చు. ఆ పోరుకి లోపల వాపొస్తుంది. మెడలో గడ్డలు, జ్వరం, తలనొప్పి, కళ్ళు మసకలు, మొదటి నెలల్లో ఏదొచ్చినా అదే రోజు తీసుకురండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి."

అక్క అన్నిటికీ తలూపి బయటికొచ్చింది. వాడు కళ్ళు తెరిచి, "ఏమందక్కా?" అన్నాడు.

ఆ క్షణంలో ఆమె బుర్రలో మెదిలిందల్లా వాడి పాత చరిత్రే. గడ్డలొస్తాయి, చూపు మసకేస్తుంది అని చెబితే ఈ మహానుభావుడు మొదటి మాత్రకే దండం పెట్టేస్తాడు. రోజుకో జబ్బు ఊహించుకుని ముసుగు తన్ని పడుకుంటాడు. ఎందుకొచ్చిన గొడవ?

"ఏమొచ్చినా మాత్రలు ఆపొద్దంది. మొదట్లో కాస్త బాధగా ఉంటుందట, ఓర్చుకోవాలట. ఈసారి గానీ మధ్యలో వదిలేశావో, మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

ఓర్చుకోమని డాక్టరమ్మ అననేలేదు. ఆ ముక్క అక్క సొంతంగా కలిపింది.

"వదలన్లే," అన్నాడు వాడు.

వదల్లేదు కూడా. పొద్దున ఎనిమిదయ్యేసరికి గ్లాసుతో సహా సిద్ధం. మూడోవారానికి జ్వరం తగ్గి ఆకలి పుట్టింది. అక్కకి తన కళ్ళని తనే నమ్మబుద్ధి కాలేదు. బ్లౌజు కొలతలివ్వడానికి వచ్చినావిడతో, "మావాడు మొండివాడండీ, పట్టాడంటే వదలడు," అనేసింది. మూల స్టూలు మీద వాడు తలొంచుకుని నవ్వుకున్నాడు. పాపం, నలభయ్యేళ్ళకి దొరికిన మొదటి మెప్పు!

నెల దాటాక ఓ రోజు, సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు. "అక్కా, కళ్ళ ముందు నల్లగా ఏవో తేలుతున్నాయి."

అక్కకి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. కానీ బుగ్గలు నిండుతున్నవాణ్ణి చూస్తే ఇది అదేనని నమ్మకం కుదర్లేదు. ఎలాగూ పదిహేను రోజుల్లో ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

"మొదలెట్టావా? ఇంకా సాకు రాలేదేమిటా అనుకుంటున్నా!"

"అబ్బే, ఊరికే అన్నా," అని వాడు నవ్వేశాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. స్టూలు మాత్రం గుమ్మం దగ్గరికి, వెలుగులోకి జరుపుకున్నాడు. గాలి కోసమనుకుంది అక్క.

పన్నెండో రోజున ఒకాయన బూడిదరంగు కోటు తిరిగి పట్టుకొచ్చాడు. "ఇది మాస్టరు పనేనామ్మా?" అన్నాడు. చిల్లు చిల్లులాగే ఉంది. పక్కన బాగున్న గుడ్డ మీద పోగులు అల్లుకుపోయి ముద్దకట్టాయి. అక్క కోటు బల్ల మీద పరిచి తమ్ముణ్ణి పిలిచింది. వాడు చెయ్యి చాచి గుడ్డని తడుముతున్నాడు. చిల్లు జానెడు దూరంలో ఉంది.

అక్క పిడికిలి బిగించి వాడి మొహం ముందు పెట్టింది. "ఎన్ని వేళ్ళురా?"

"రెండా?"

"ఎన్నాళ్ళనుంచి?"

"కుడిది పోయి వారమైంది. ఎడమది మొన్నటిదాకా పరవాలేదు. ఓర్చుకోమన్నారని చెప్పావు కదా, తగ్గుతుందనుకున్నా."

ఆసుపత్రిలో కంటి డాక్టరు చాలాసేపు లైటు వేసి చూశాడు. రక్తపరీక్షలో బలం మూడింతలైందట, మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందట. ఆ బలమే కంట్లో దాక్కున్న క్రిమి మీద విరుచుకుపడిందట. ఆ పోరు మధ్యలో కన్ను కాలిపోయింది. కుడిది ఇక రాదు. ఎడమదానికి ఇంజెక్షన్లిస్తారు, వెలుగూ నీడా మిగిలితే అదృష్టం. సూది పట్టే మాట మర్చిపొమ్మన్నారు.

"మొదటి మచ్చ కనబడగానే వచ్చుంటే చాలావరకు కాపాడేవాళ్ళం," అంది డాక్టరమ్మ. "మీ అక్కగారు చెప్పలేదా?"

"చెప్పిందండీ. నేనే వినలేదు," అన్నాడు తమ్ముడు తడుముకోకుండా.

వీధంతా ఏకం చేసే అక్క వాడి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. బెంచీ మీద కూర్చోబెట్టాక అడిగింది.

"ఎందుకురా అలా అన్నావు? నేను చెప్పలేదు. చెబితే మానేస్తావని దాచాను. నీ కళ్ళు నేనే తీశాన్రా. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి!"

వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"చెప్పినా మానేసేవాణ్ణి కాదక్కా," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

తర్వాత వాడే, "ఇంకా వేసుకోవాలా ఆ మాత్రలు?" అని అడిగాడు.

వేసుకోవాలి. వాణ్ణి బతికిస్తున్నవి అవే. డాక్టరమ్మ ఇవాళ కూడా అదే మాట గట్టిగా చెప్పి పంపింది. ఏ మొహం పెట్టుకుని ఆ మాట వాడికి చేరవెయ్యాలో అక్కకి తెలియలేదు. వాడు చెయ్యి చాచి ఆమె భుజం కోసం వెతుక్కుంటూ జవాబు కోసం ఆగాడు.