దివాణం నాటకంలో ఉరుమును నేను

నేను ఒక ఇనుప రేకును. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నడుమ ఒక పెద్ద మడత. ఈ పాత ఇనుప సామాన్ల కొట్టుకి వచ్చినవాళ్లు నన్ను వేలితో తట్టి, కోళ్లగూటి మీద కప్పడానికి పనికొస్తానేమో అని చూస్తారు. పనికొస్తాను, కాదనను. కానీ గాలివానకి లేచిపోయి ఏ తల్లి కన్నబిడ్డ మెడ మీద పడతానో అని నా బెంగ నాది. నా స్వభావమే అంత. మంచి ఒకటి జరిగేలోగా చెడు పది రకాలుగా నా కళ్లముందు జరిగిపోతుంది.

ఇంత పిరికిదాన్ని పట్టుకెళ్లి ఉరుమును చేశారు మనుషులు.

పుట్టింది కొలిమిలో. రాయిలాంటిదాన్ని కరిగించి, పెద్ద పెద్ద రోలర్ల మధ్య అప్పడంలా ఒత్తి, చుట్ట చుట్టి రైలెక్కించారు. ఒంగోలు దగ్గర ఒక పల్లెలో పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే బేరన్‌కి వేడిగొట్టాలు చెయ్యడానికి మమ్మల్ని తెచ్చారు. నా తోటివాళ్లంతా గొట్టాలై నిప్పుల మీదకి పోయారు. నేనొక్కదాన్నే మిగిలిపోయాను. మిగిలినదాన్ని ఊరికే ఉంచుతారా? వాన జల్లు కొట్టకుండా బేరన్ కిటికీకి అడ్డంగా రెండు మేకులకి వేలాడేశారు. గాలి వచ్చినప్పుడల్లా నేను గుబగుబమనేదాన్ని. పడిపోతానేమో అన్న భయంతో వచ్చే చప్పుడే తప్ప అందులో నా గొప్పేమీ లేదు.

ఆ చప్పుడు విని ఒకాయన సైకిలు దిగాడు. పేరు భుజంగరావు. ఊరూరా తిరిగి పందిళ్లు వేసి నాటకాలాడే సమాజానికి ఆయన పెద్ద. సమాజం అంటే పరాయివాళ్లు కాదు. అన్నలు, చెల్లెళ్లు, బావలు, మరదళ్లు, వాళ్ల పిల్లలు. రాముడూ వాళ్లే, రావణుడూ వాళ్లే, తెర లాగేదీ వాళ్లే, పొయ్యి మీద ఎసరు పెట్టేదీ వాళ్లే.

"ఈ రేకు నాకియ్యండి," అన్నాడు బేరన్ రైతుతో.

"దేనికయ్యా?"

"ఉరుముతుందండీ ఇది."

నాటకాల పిచ్చి ఉన్న రైతు. ముందు వరసలో కుర్చీ వేస్తానంటే నన్ను ఇచ్చేశాడు.

అప్పటికి సమాజం చాలా ఇబ్బందుల్లో ఉంది. పౌరాణికాలకి జనం రావడం మానేశారు. ఊరూరా సినిమా హాళ్లు వచ్చాయి. భుజంగరావు ఒకనాడు మిగతావాళ్లని కూచోబెట్టి అన్నమాట నాకింకా గుర్తు. "దేవుళ్లని సినిమావాళ్లు తీసుకుపోయారు. మనకి దయ్యాన్ని వదిలేశారు. అదే ఆడదాం."

అలా పుట్టింది 'కొండమీది దివాణం'. రాసింది భుజంగరావే. పాడుబడ్డ జమీందారు దివాణం. గోడమీద పాత పటం, అందులో కళ్లు కదులుతాయి. పెద్ద జమీందారు తన చిన్న రాణిని బతికుండగానే గోడలో పెట్టి కట్టేయించి ఉంటాడు. ఏళ్ల తర్వాత గోడ పగిలి, సాంబ్రాణి పొగలో, పచ్చకాగితం చుట్టిన దీపం వెలుగులో, తెల్లచీరతో ఆ చిన్న రాణి పైకి లేస్తుంది. నిజంగానే లేస్తుంది. నేలమీద కాలానకుండా ఒక మిద్దె ఎత్తుకి. అప్పుడే నేను ఉరమాలి.

జనం విరగబడ్డారు. నాకిప్పటికీ అర్థంకాని సంగతి అదే. ఇంట్లో భయాలు చాలవా మనుషులకి? పిల్లకి జ్వరమొస్తే భయం, మొగుడు పొద్దుగూకినా రాకపోతే భయం, మబ్బు పట్టకపోతే భయం, పడితే భయం. అవన్నీ ఇంట్లో పెట్టి తాళం వేసి, కొత్త భయం కోసం పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. వచ్చి, చెంగులో ముఖం దాచుకుని, సందులోంచి చూస్తారు. బయటికి పోయేటప్పుడు వాళ్ల ముఖాలు తేలికపడి ఉండేవి. ఏదో దించుకుని పోయినట్టు. దాన్నెక్కడ దించారో మాత్రం ఎవరూ అడగలేదు.

నన్ను పట్టుకున్న చేతుల సంగతి చెబుతాను.

వర్ధనమ్మ. భుజంగరావు చెల్లెలు. కొంచెం లావు మనిషి, చేతులకి ఎప్పుడూ పసుపు. స్టేజి పక్క తెరచాటున దూలానికి రెండు కొక్కేలతో నన్ను వేలాడదీశారు. కింద రెండు చెక్క పిడులు పట్టుకుని ఆమె నన్ను ఊపేది. ఇద్దరం ఒకే రకం మనుషులం, నేను మనిషినైతే. రాణిని పైకి లాగే తాడు నానిందేమో, అది నడిచే కప్పీ బిగిసిందేమో, పలక ఊడిందేమో అని వేషాలు మొదలు కాకముందే అన్నీ రెండేసిసార్లు తడిమి చూసేది. సమాజంలో అందరూ నవ్వేవాళ్లు. "వర్ధనక్క ఉండగా మనకి అపశకునం పక్షి ఎందుకు?" అనేవాళ్లు.

ఆమె భయానికి కారణం ఉంది. పైకి లేచే ఆ చిన్న రాణి ఆమె ఒక్కగానొక్క కూతురు నీలవేణి. పదహారేళ్లు. భయమంటే ఎరగని పిల్ల.

ఇక తాడు లాగేది ఆ పిల్ల తండ్రి పరాంకుశం. స్టేజికి ఆ పక్కన, నల్లతెర వెనక, గోడవైపు తిరిగి నిలబడి లాగేవాడు. తాడు పట్టినవాడు వేషాన్ని చూడకూడదని వాళ్ల తాతల నాటి నుంచి కట్టడి. చూస్తే చెయ్యి వణుకుతుందట. అందుకని అతనికి కళ్లు లేవు, చెవులే. నేను ఒక్కసారి పొడుగ్గా ఉరిమితే లాగాలి. రెండుసార్లు పొట్టిగా ఉరిమితే దించాలి. అంతే గుర్తు.

వర్ధనమ్మ ముందు గోడచాటున కూతురి నడుంపట్టీకి తాడు కొక్కెం తగిలించేది. గట్టిగా లాగి చూసుకునేది. ఆ తర్వాతే నా దగ్గరికొచ్చి పిడులు పట్టుకునేది. అలా నాలుగేళ్లు. ప్రతి ఆటలోనూ ఆమె అరచేతుల చెమట నా పిడులకి అంటేది.

పొదిలిలో ఆడుతున్నాం. మే నెల. పగలంతా నిప్పులు చెరిగి, దీపాలు పెట్టే వేళకి మబ్బు కమ్మింది. నాకు పొద్దుటి నుంచే మనసులో కీడు తోస్తోంది. అయితే నాకు ఏ రోజు తోచలేదు గనక?

నాటకం రసపట్టులో ఉంది. జమీందారు వేషంలో ఉన్న భుజంగరావు గోడముందు నిలబడి, "ఎవరది? ఎవరక్కడ?" అంటున్నాడు. గోడచాటున నీలవేణి తాడు ఊగకుండా కుడిచేత్తో పైన పట్టుకుని నిలబడింది. వర్ధనమ్మ వంగి కొక్కేన్ని పట్టీకి తగిలించబోతోంది.

అప్పుడు ఉరిమింది. నేను కాదు. ఆకాశం.

పొడుగ్గా, ఒక్కటే ఉరుము. నాలుగేళ్లుగా నేను చేసినట్టే ఉంది, నాకన్నా బాగుంది.

పరాంకుశం లాగాడు.

తాడు పిల్లని తీసుకుపోయింది. కొక్కెం ఖాళీగా ఆమె మోకాళ్ల దగ్గర ఊగుతోంది. ఏమైందో తెలిసేలోగానే నేల వదిలేసింది, ఇక చెయ్యి వదిలితే ఒక మిద్దె ఎత్తునుంచి పలకల మీద పడాలి. ఒంటిచేత్తో వేలాడుతోంది. చూసి జనం లేచి నిలబడ్డారు. ఇంత అద్భుతంగా ఎప్పుడూ చెయ్యలేదు కదా ఆ పిల్ల.

వర్ధనమ్మ అరిచింది. హార్మోనియం, డోలక్, టార్పాలిన్ మీద వాన, చప్పట్లు. ఎవరికి వినపడుతుంది? పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. పొట్టిగా రెండుసార్లు ఊపింది. నేను ఉరిమాను, నా శక్తికొద్దీ ఉరిమాను. సరిగ్గా అప్పుడే మళ్లీ ఆకాశం ఉరిమి నా రెండు ఉరుముల్నీ తనలో కలిపేసుకుంది. తెర వెనక ఆ తండ్రికి పొడుగాటి ఉరుమొకటే వినపడింది. ఇంకొంచెం పైకి అనుకున్నాడు. మరో మూరెడు లాగాడు.

నీలవేణి వేళ్లు జారడం నాకు కనపడుతూనే ఉంది.

వర్ధనమ్మ ఏమాలోచించిందో నాకు తెలియదు. ఆలోచించి ఉండదు. నన్ను రెండు చేతులా పట్టుకుని, కొక్కేలు ఊడివచ్చేలా కిందకి పీకింది. నేను స్టేజి పలకల మీద, తెర ఎగరకుండా పెట్టిన ఇనుప తూకపురాయి మీద పడ్డాను. నా నడుము విరిగింది. ఆ చప్పుడు ఉరుము కాదు. నా జన్మలో ఎప్పుడూ చెయ్యని చప్పుడు, ఆకాశానికీ చేతకాని చప్పుడు. ఇంటి కప్పు కూలినట్టు.

పరాంకుశం తాతల కట్టడి మరిచి వెనక్కి తిరిగి, భుజంతో నల్లతెర తోసి చూశాడు.

తిరిగి చూసిన ఆ ముఖం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. చెయ్యి వణకలేదు. మెల్లగా, గుడ్డు దించినట్టు దించాడు కూతుర్ని. పాదాలు నేలకి ఆనేదాకా భుజంగరావు "ఎవరది? ఎవరక్కడ?" అంటూనే ఉన్నాడు. తర్వాత చెల్లెలు అడిగితే, "ఏం చెయ్యనే, జనం ఉన్నారుగా," అన్నాడు. అని, కిందకి చూస్తూ కూచున్నాడు.

పిల్ల భుజం తొలిగింది. కట్టు కట్టించారు. రెండు నెలల్లో చెయ్యి లేచింది. నల్లతెరకి కత్తెరతో బెత్తెడు కన్నం చేశారు. ఇక నుంచి తాడు పట్టినవాడు చూడాలి అని కొత్త కట్టడి. బెత్తెడు గుడ్డ. నాలుగేళ్లు ఎవరికీ తోచలేదు.

నా సంగతి అంటారా? మడత పడిన రేకు ఉరమదు, దగ్గుతుంది. కొత్త రేకు తెచ్చారు. నన్ను వానకి తడవకుండా వేషాల పెట్టె మీద మూతగా వేశారు. అక్కడినుంచే మిగిలిందంతా చూశాను.

పొదిలి కబురు మాకన్నా ముందు ఊళ్లు తిరిగింది. దర్శిలో పందిరి వేస్తుంటేనే అడగడం మొదలుపెట్టారు.

"ఒంటిచేతి దయ్యం ఉందా అంటున్నారు చెల్లాయ్," అన్నాడు భుజంగరావు, చెట్టు కింద బియ్యం ఏరుతున్న వర్ధనమ్మతో.

"ఎవరా అడిగింది? వాళ్ల పిల్లని తెమ్మను. కట్టి లాగుదాం."

"ఒంటిచెయ్యి కాదులే. మామూలుగానే. దయ్యం లేవకపోతే ఆట లేదు. ఆట లేకపోతే ఇంతమందిమి ఏం తింటాం చెప్పు."

"నేనెక్కుతా మామయ్యా," అంది నీలవేణి. "నాకేం భయం లేదు."

"అదేనే నా భయం," అంది వర్ధనమ్మ.

చేట పక్కన పెట్టి లేచింది. తిన్నగా స్టేజి మీదికి వెళ్లి, కూతురి నడుంపట్టీ తీసి, రెండు రంధ్రాలు వదులు చేసి తన నడుముకి బిగించుకుంది. మిట్టమధ్యాహ్నం. సమాజమంతా మూగింది.

"లాగండి," అంది మొగుడితో.

"ఏందే నీ పిచ్చి?"

"నా పిల్ల ఎక్కేది ఎంత ఎత్తో నేను చూడొద్దా? లాగండి."

"ఒక్కడివల్ల అవుద్దా బావా? ఎద్దుల జత కావాలేమో," అన్నాడెవరో. నవ్వారు. పరాంకుశం నవ్వలేదు. లాగాడు. వర్ధనమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తూ పైకి వెళ్లింది. పైన కళ్లు తెరిచి కిందకి చూసింది. ఆ ముఖం చూసి నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి. భుజంగరావు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇరవై ఏళ్లుగా భయాన్ని నటించేవాళ్లని చూసినవాడు. భయాన్ని చూడ్డం అదే మొదలు.

దిగింది. నీళ్లు తాగి, "ఇంత ఎత్తా," అంది. తర్వాత, "పిల్ల ఎక్కదు అన్నయ్యా. రాణి వేషం నాకియ్యి."

"చిన్న రాణే అది."

"గోడలో పెట్టి కట్టేశాక ఎన్నేళ్లయింది? ముసలిదవదా?"

భుజంగరావు వెళ్లి తెల్లచీర తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం వర్ధనమ్మ ముఖానికి తెల్లరంగు పూసుకుని గోడచాటున నిలబడింది. కొత్త రేకు పిడులు నీలవేణి చేతిలో. ఉరమాల్సిన సమయం వచ్చింది. రేకు మోగలేదు.

"కొట్టవే," అంది వర్ధనమ్మ గొంతు తగ్గించి.

"కొక్కెం చూసుకున్నావా అమ్మా?"

"చూశాను."

"ఇంకోసారి చూడు."

చూసింది. "కొట్టు. మీ మామయ్య మాటలు అయిపోయినయ్."

భయమెరగని ఆ పిల్ల చేతులు ఎంత వణికాయంటే, ఊపకముందే ఆ రేకు సన్నగా మోగడం మొదలుపెట్టింది. చివరికి కళ్లు మూసుకుని ఊపింది. కన్నంలోంచి చూస్తూ తండ్రి లాగాడు. గోడ పగిలి పచ్చటి పొగలో వర్ధనమ్మ లేచింది. ఏ దేవుణ్ణో పిలుస్తూ పెదవులు కదులుతున్నాయి. పందిట్లో వెయ్యిమంది ఊపిరి బిగబట్టారు.

దించాక ఆమె తెరచాటుకి వచ్చి వేషాల పెట్టె మీద, అంటే నా మీదే, కూలబడింది. కూతురొచ్చి పక్కన కూచుని కొంగుతో ఆమె మెడమీద చెమట తుడిచింది.

"చప్పట్లు కొట్టారటే? నాకేం వినపడలా," అంది వర్ధనమ్మ.

"నాకూ వినపడలేదమ్మా," అంది నీలవేణి.

నాకు వినపడ్డాయి. చాలాసేపు కొట్టారు.