ఊరంతా కుట్టే బొంత

"సూది చేతికిస్తే తీసుకునేదేనా? ఇంట్లో ఒక మాట అడగొద్దా?" గాదిలింగప్ప పొద్దున్నుంచి అదే పాట. పనికి టైమవుతున్నా చెప్పులు వేసుకోలేదు.

"కుట్టేసినాక ఇంకేం అడిగేదప్పా," అంది వాళ్లమ్మ దుర్గక్క, చేటలోని బియ్యం మీంచి తలెత్తకుండా.

జాతర కోసం కంటోన్మెంట్ మైదానంలో కొందరు కళాకారులు పెద్ద బొంత కుట్టిస్తున్నారు. జీన్స్ కుట్టే యూనిట్లలో మిగిలిన ముక్కలే దానికి గుడ్డ. ఎవరైనా వచ్చి ఒక ముక్క కుట్టి పోవచ్చు. నిన్న కోడలు సౌభాగ్య తను పనిచేసే యూనిట్ నుంచి ముక్కల మూట తీసుకెళ్తుంటే దుర్గక్క తోడు వెళ్లింది. అప్పటికింకా ఎవరూ మొదలుపెట్టలేదు. ఒక అమ్మాయి సూది అందించింది. దుర్గక్క ముందూ వెనకా చూడకుండా మొదటి కుట్టు వేసేసింది.

దుర్గక్క వాళ్లలో బొంత మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. ముగింపేమో జాతర రోజు, మంగళవారం. ఆ రోజే కురుగోడు చుట్టాలంతా భోజనానికి దిగుతారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ దుర్గక్క జాతరను వంటింట్లోంచి వినడమే కానీ చూసింది లేదు.

"ఇంకెవురో ముగిస్తార్లేమా."

"వేరే చెయ్యి ముగిస్తే కప్పుకున్నోళ్లకి నిద్ర పట్టదు."

"దాన్ని కప్పుకునేది ఎవురు, ఏనుగా?"

సౌభాగ్యకు నవ్వాగలేదు. "నువ్వే వచ్చి ఒకసారి చూడు. ఈడ నిలబడి మాట్లాడితే ఏం తెలుస్తాది?"

సాయంత్రం కూతురు హారతిని కూడా తీసుకుని అందరూ వెళ్లారు. ఒక్క రోజులోనే చాలా పెరిగిన బొంతను పందిరిలా ఎత్తి కట్టారు. ఒక అంచు కిందికి దించి ఉంది. దాని వెంట జనం బారుగా కూర్చుని కుడుతున్నారు. బస్సు కండక్టరొకాయన నాలుక కరుచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఎదుటి వైపు తాళ్లు వేలాడుతున్నాయి. వాటిని లాగితే బొంత మొత్తం విసనకర్రలా ఊగుతుంది.

"నాన్నా, లాగు," అంది హారతి.

చూద్దామని ఒకసారి లాగాడు గాదిలింగప్ప. కాగిన మైదానం మీదికి గాలి దిగింది. కింద కూర్చున్న ఆడవాళ్ల కొంగులు లేచాయి.

"ఆపొద్దప్పా, ఇంకా జోరుగా," అన్నారెవరో.

అతను ఆపలేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వెనక నిలబడినతను తాడు అడిగితే, "ఇప్పుడే కదప్పా పట్టుకునింది," అని ఇంకా గట్టిగా లాగాడు.

దుర్గక్క తన కుట్టు వెతుక్కుంది. దాని పక్కన వంకరవి, బిగువైనవి, వదులువి, ఎన్ని చేతుల కుట్లో. ముక్క కుడుతున్న ఒకామె అడిగింది.

"నీ కోడలు చెప్పింది, మంగళవారం ముగించేది నువ్వేనంట కదక్కా? మా వీధోళ్లంతా వస్తాండాం."

దుర్గక్క నవ్వి, తన కుట్టును వేలితో తడిమి చూసుకుంది.

రాత్రి అన్నాల దగ్గర గాదిలింగప్ప చేతులు నొప్పంటూనే తాళ్ల గురించే మాట్లాడాడు. కాసేపటికి ఆగాడు.

"అది సరే, మంగళవారం వంట ఎట్లమా?"

దుర్గక్క అతని పళ్లెంలో మజ్జిగ పోసి, చెంబు కింద పెట్టింది.

"వచ్చేటప్పుడే కురుగోడుకు ఫోన్ చేసినా," అంది మెల్లగా, అందరికీ వినిపించేలా. "ఈసారి వాళ్లే సద్ది కట్టుకొని సీదా బొంతకాడికి వస్తారు. ఆ పొద్దు మనింట్లో పొయ్యి ముట్టించను."