మేకుకు వేలాడే సంచి

కోడలు కంప్యూటర్ తెచ్చి మా లాండ్రీ బల్ల మీద పెట్టిన రోజే మా ఆవిడ దానికి పాము అని పేరు పెట్టింది. తప్పు ఆవిడది కాదు. కోడలు రాసే భాష పేరు పైథాన్ అనీ, అంటే కొండచిలువ అనీ మావాడే నోరు జారాడు. ఇక ఆ రోజు నుంచి పాము నిద్ర లేచిందా, పాముకు కరెంటు పెట్టారా అని ఒకటే వేళాకోళం.

మా కొట్టు చిన్నది. ముందు గదిలో బల్ల, బల్ల వెనక మా ఆవిడ. నడి గదిలో గుండ్రటి అద్దం తలుపుల ఉతుకు మిషన్లు. వెనక గదిలో ఇస్త్రీ బల్ల, దాని దగ్గర నేను. మావాడు బండి మీద బట్టలు చేరవేస్తాడు. ఎవరి చోటు వారికుంది. కోడలు ఒక్కదానికే లేదు. ఆ పిల్ల పనిచేసే ఆఫీసు మూతపడింది. మా కొట్లో బల్ల దగ్గర నిలబడితే మా ఆవిడకు అడ్డం. ఇస్త్రీ దగ్గర నిలబడితే ఆవిరి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడేది.

అలాంటప్పుడు ఆడపిల్లల హాస్టల్ వార్డెనమ్మ వచ్చింది. హాస్టల్ బట్టలన్నీ మాకే వేస్తానంది. అయితే ఏ పిల్ల బట్టలకు ఆ పిల్ల పేరుతో అచ్చు చీటీ ఉండాలట. ఒకరి గౌను ఇంకొకరికి పోతే జరిగే యుద్ధం తాను పడలేనంది. శనివారం ఒక మూట తెచ్చి చూస్తుంది. ఒక్క చీటీ తప్పినా పక్క వీధి కొట్టుకు పోతుంది.

మా ఆవిడ కాలర్ల లోపల రంగు దారంతో గుర్తులు కుట్టి, అన్నీ తలలోనే పెట్టుకునే మనిషి. అచ్చు చీటీలు ఆవిడ వల్ల కాదు. కోడలు నేను చేస్తానని ముందుకొచ్చింది.

"చెయ్యి, వద్దనను. కానీ శనివారం తేడా వచ్చిందో, ఆ పాము అటకెక్కుతుంది. మళ్ళీ దాని ఊసెత్తకూడదు" అంది మా ఆవిడ.

కోడలు సరేనంది. ఆ కంప్యూటర్ పెట్టె అటకెక్కితే తను మళ్ళీ గుమ్మంలో నిలబడాలని ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలుసు.

రాసేటప్పుడు కోడలు పైకి మాట్లాడుకుంటుంది. వినడానికి ఒక మనిషి ఎదురుగా ఉంటే తప్పులు వాటంతటవే దొరుకుతాయట. మావాడికి చెబితే సలహాలిస్తాడు. మా ఆవిడకు చెబితే సగంలో అడ్డొస్తుంది. అందుకని పెట్టె ఎత్తుకొచ్చి నా ఇస్త్రీ బల్ల చివర పెట్టుకుంది. నేను ఉలకను, పలకను. మా ఆవిడ నన్ను బెల్లం కొట్టిన రాయి అంటుంది. కోడలికి అలాంటి రాయే కావలసి వచ్చింది.

ముందుగా ఫంక్షన్ అంటే ఏమిటో చెప్పింది. భోజనాలెప్పుడని మా ఆవిడ ముందు గదిలోంచే అడిగింది. కోడలు పట్టించుకోలేదు. ఫంక్షన్ గోడలో కిటికీ లాంటిదట. లోపల ఒక పనివాడుంటాడు. ఎవరు, ఏ బట్ట, ఎన్ని అన్న మూడూ వరసగా కిటికీలోంచి అందిస్తే వాడు చీటీ చేసి బయటికిస్తాడు. అలా అందించేవాటిని ఆర్గ్యుమెంట్లు అంటారు. ఒకటి తక్కువైతే వాడు అరుస్తాడు. ఒకటి ఎక్కువైనా అరుస్తాడు. అరుపంటే తెర మీద ఎర్రక్షరాలు.

మొదటి రోజంతా ఎర్రక్షరాలే. కోడలు విసుక్కోలేదు. ఎర్రక్షరాల్లో ఆఖరి వరస ముందు చదవాలట. ఏది అందలేదో పేరుతో సహా అందులోనే ఉంటుందట.

"మొరిగే కుక్క కరవదు మామయ్యా. ఇది అరిచినంతసేపూ నాకు భయం లేదు. నోరు మూసుకుని తప్పు చేసిందా, అప్పుడుంటుంది నా పని" అంది.

ఊఁ అన్నాను.

నోరు మూసుకుని చేసే తప్పు మర్నాడే వచ్చింది. కోడలు తొందరలో పేరు అందించాల్సిన చోట బట్ట, బట్ట అందించాల్సిన చోట పేరు అందించింది. రెండూ మాటలే కాబట్టి లోపలివాడికి తేడా తెలియలేదు. బుద్ధిగా చీటీ చేసిచ్చాడు. బట్టలు ఇచ్చినవారు దుప్పటి గారు. ఇచ్చినవి టీచర్, రెండు.

మా ఆవిడ ఆ చీటీ పట్టుకుని వెనక గదిలోకి వచ్చింది. "ఇద్దరు టీచర్లనీ నానబెట్టమంటావా, ఊరికే దులిపి ఆరేయమంటావా?"

కోడలూ పడి పడి నవ్వింది. ఆ తర్వాత ఏది అందించినా ముందు దాని పేరు చెప్పి అందించేలా మార్చింది. ఎవరు అంటే టీచర్, ఏమిటి అంటే దుప్పటి. పేరు పెట్టి ఇస్తే వరస మారినా లోపలివాడు తికమకపడడట.

ఇక సంచి మిగిలింది. బట్టలు సంచిలో తెచ్చేవాళ్ళు సంచితోనే ఇచ్చిపోతారు. చేతుల మీద వేసుకొచ్చేవాళ్ళ కోసం బల్ల పక్కన మేకుకు ఒక నీలం గుడ్డసంచి వేలాడుతుంటుంది. వాళ్ళ బట్టలు అందులో వేస్తాం. కోడలు మా పద్ధతి చూసి అచ్చం అలాగే రాసింది. సంచి తెస్తే దాన్నీ కిటికీలో అందించాలి. అందించకపోతే లోపలివాడు మేకుకున్న ఖాళీ సంచి తీసుకుంటాడు. ఒక చీటీ తీసింది, పెట్టె ఆపింది, మళ్ళీ మొదలుపెట్టి ఇంకో చీటీ తీసింది. అన్నీ సరిగ్గా వచ్చాయి. అయిపోయింది మామయ్యా అంది. నేను ఇస్త్రీ చేసిన చొక్కా మడిచి ఆ పక్కన పెట్టాను.

శుక్రవారం పొద్దున నేను కొట్లో లేను. దవడ పన్ను పీకించుకోవడానికి మావాడు బండి మీద తీసుకెళ్ళాడు. పళ్ళ డాక్టరు నోట్లో దూది కుక్కి, సాయంత్రం దాకా మాట్లాడకూడదన్నాడు. మా నాన్నకు అది పథ్యం కాదండీ, అలవాటే అన్నాడు మావాడు.

తిరిగొచ్చేసరికి కొట్లో గొడవ. మావాడు బండి ఆపీ ఆపకముందే వెళ్ళి నిచ్చెన తెమ్మంది మా ఆవిడ.

జరిగింది ఇది. ఆ పొద్దున మొదటిసారి నిజం మనుషులకు చీటీలిచ్చారు. ముందు బేకరీ ఆయన ఏప్రన్లు భుజాన వేసుకొచ్చాడు. చీటీ బాగానే వచ్చింది. తర్వాత బస్సు డ్రైవరు తన చొక్కాలు తెచ్చాడు. అతని చీటీలో చొక్కాలతో పాటు బేకరీ ఏప్రన్లు కూడా వచ్చాయి. ఆ వెనక సంగీతం టీచరమ్మ గౌను ఒక్కటి ఇచ్చింది. ఆమె చీటీలో గౌనూ, డ్రైవరు చొక్కాలూ, బేకరీ ఏప్రన్లూ. ఒంటరిగా బతుకుతున్నాననుకుంటున్నాను, నా ఇంట్లో నాకు తెలియకుండా ఇద్దరు మగవాళ్ళున్నారా అని అడిగిందట ఆమె.

తెర మీద ఎర్రక్షరం ఒక్కటి లేదు.

పాముకు పాలు పోస్తే ముద్దు పెడుతుందా అంటూ మా ఆవిడ అటక తలుపు తీయించింది. కోడలు పెట్టె ఎత్తుకుని నా ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చింది. నా బుగ్గ వాచి ఉందని కూడా చూడలేదు. నేను మాట్లాడకపోవడం ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

వినండి మామయ్యా అని మొదలుపెట్టింది. కిటికీలోకి ఏం వెళుతోందో ప్రతిసారీ తెర మీద చూపించమని అడిగి చూసిందట. టీచరమ్మ పేరుతో గౌను ఒక్కటే వెళ్ళింది. ఇచ్చింది సరైనదే, వచ్చింది తప్పు. అంటే లోపల ఏదో మిగిలిపోతోంది. పెట్టె ఆపి మళ్ళీ మొదలుపెడితే మొదటి మనిషికి బాగానే వస్తోంది. రెండో మనిషి నుంచి చెడుతోంది. మధ్యలో సంచులతో వచ్చినవాళ్ళున్నారు, వాళ్ళ చీటీల్లో తప్పు లేదు. చేతుల మీద తెచ్చినవాళ్ళకే ఈ తంటా.

అక్కడ ఆగింది. నా వైపు తిరిగింది.

"అయితే మేకు సంచేనా మామయ్యా? కానీ అది ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుందిగా?"

చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఉంది. నోట్లో దూది ఉంది. లేచి వెళ్ళి మేకుకున్న సంచి తీశాను. బరువుగా ఉంది. తెచ్చి ఇస్త్రీ బల్ల మీద బోర్లించాను. గౌను, చొక్కాలు, అడుగున పిండి మరకల ఏప్రన్లు పడ్డాయి.

మా ఆవిడ వచ్చి చూసింది. చేతిలో ఉన్న టీచరమ్మ చీటీ చూసింది. మళ్ళీ బల్ల మీది బట్టలు చూసింది. చీటీలో ఉన్నవన్నీ లెక్కకు సరిపోయాయని మావాడు నిచ్చెన కిందికి దించి అన్నాడు.

పాము అబద్ధమాడలేదు. మా ఆవిడ బేకరీ ఆయన బట్టలు సంచిలో వేసి మేకుకు తగిలించింది. డ్రైవరువీ అందులోనే వేసింది. టీచరమ్మదీ అందులోనే. లోపలికి తొంగి చూడలేదు. ఎప్పుడూ ఖాళీగా ఉండే సంచిలోకి ఎవరు తొంగి చూస్తారు?

నేను సంచిని లోపలివైపు బయటికి తిరగేశాను. వెనక గుమ్మంలోకి వెళ్ళి గట్టిగా దులిపాను. తెచ్చి మేకుకు తగిలించాను. ఇది నేను రోజూ చేసే పనే. మా ఆవిడ వచ్చినవాళ్ళతో మాటల్లో ఉండగా సంచి తీసుకెళ్ళి, బట్టలు వేరే పెట్టి, దులిపి తగిలించి వస్తాను. చెప్పుకోదగ్గ పనని ఎప్పుడూ అనుకోలేదు.

మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అది మీరా ఖాళీ చేసేది?"

తలూపాను.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఒక్కసారైనా చెప్పరేం?"

నోట్లో దూది చూపించాను.

"పన్ను ఇవాళ కదా పీకించుకున్నది" అంది ఆవిడ.

మావాడు అవతలి గదిలోకి వెళ్ళి నవ్వుకున్నాడు. అక్కణ్ణుంచే, ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా, కొట్లో సంచి ఎలా ఉంటే పెట్టెలో సంచీ అలాగే ఉంటుంది అన్నాడు.

కోడలు మాత్రం నవ్వలేదు. దులిపిన సంచినీ తెరనూ మార్చి మార్చి చూస్తోంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఖాళీ సంచి తీసుకోమని ఫంక్షన్ మొదటి వరసలోనే రాసిందట. లోపలివాడు పనిలో చేరేటప్పుడు ఆ వరస ఒక్కసారే చదువుకుంటాడు. ఒక్క సంచే కుట్టుకుంటాడు. సంచి తేని ప్రతి మనిషికీ ఆ ఒక్కదాన్నే ముందుకు తోస్తాడు. మనిషికొక కొత్త సంచి తీస్తాడని కోడలు అనుకుంది.

"మన మేకు సంచి దానంతటది ఖాళీ అవుతుందనుకున్నాను. అందుకే అలా రాశాను. ఇందులో మీరు లేరు మామయ్యా" అంది.

నేను ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో చూసుకున్నాను.

మందు తెలిశాక పెద్ద పనేమీ కాలేదు. మొదటి వరసలో ఖాళీ సంచి తీసేసి, సంచి లేదు అని మాత్రం రాసింది. లోపలికి వచ్చాక, సంచి లేకపోతే అప్పటికప్పుడు కొత్తది తీయమని ఇంకో ముక్క చేర్చింది. నేను ఒక చొక్కా ముగించేలోపు అయిపోయింది.

మా ఆవిడ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. పాము ఎదురుగా కుర్చీ వేసుకుని తన చుట్టాలందరి పేర్ల మీదా బట్టలు వేయించింది. ఆడపడుచుకు కోట్లు, పెద్దమ్మకు తువ్వాళ్ళు, ఎప్పుడూ స్నానం చేయడని పేరున్న బాబాయికి పరుపు. ఎవరికీ సంచి లేదు. ఒకరిది ఒకరికి కలవలేదు. చివరికి పేరే చెప్పకుండా దిండు గలీబులు వేయమంది. ఎర్రక్షరాలు పడ్డాయి.

"ఇదిగో, తప్పొచ్చింది" అంది సంబరంగా.

"అరవాలి అత్తయ్యా. పేరు లేకుండా తీసుకుంటేనే తప్పు" అంది కోడలు.

శనివారం వార్డెనమ్మ మూట తెచ్చింది. ఒక్క పిల్లకూ సంచి లేదు. అందరి బట్టలూ ఒక పాత దుప్పట్లో వేసి కట్టేసింది. పేర్లు ఆవిడ చదువుతుంటే కోడలు చీటీలు తీసింది. మా ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నేను మేకు పక్కన నిలబడ్డాను. అక్కడ నాకేమీ పని లేదు.

వార్డెనమ్మ చీటీలన్నీ కళ్ళజోడు సవరించుకుని బట్టలతో సరిచూసుకుంది. ఒక మేజోడు మిగిలింది. ఎవరిదో ఆవిడకే తెలియదు, ఊరికే వేసి చూడమంది. కోడలు వేసింది. తెర అరిచింది.

"నాకంటే గట్టిదే" అంది వార్డెనమ్మ. సోమవారం నుంచి బట్టలు పంపుతానంది. వెళ్ళబోతూ ఇది ఎవరు చేశారని అడిగింది.

"మా కోడలు" అంది మా ఆవిడ. ఊరుకోకుండా, "మధ్యలో కాస్త చెడగొట్టింది మాత్రం మా ఆయన. మాట్లాడక" అని చేర్చింది.

నిచ్చెన ఇంకా గోడకు ఆనించే ఉంది. దాన్ని తీసుకెళ్ళిపోనా అని మావాడు అడిగితే, తెచ్చినవాడివి ఎలాగూ తెచ్చావు, ఎక్కి ఈ పామును పెట్టుకోవడానికి గోడకు ఒక చెక్క కొట్టు అంది మా ఆవిడ. తర్వాత తన కుర్చీని బల్ల చివరికి జరుపుకుంది. రెండో కుర్చీకి చోటొచ్చింది.

"నిలబడతావేం, కూర్చో. గుమ్మంలో నిలబడితే గాలి రాదు" అంది కోడలితో.

ఆ సాయంత్రం కోడలు నా ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చింది. పెట్టె తేలేదు. ఉత్త చేతులతో వచ్చింది. ఈ కొట్లో ఎవరికీ చెప్పకుండా నేను చేసే పనులు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. ఉంటే పాముకు చెప్పాలట, లేకపోతే మళ్ళీ ఎక్కడో ఒకచోట మిగిలిపోతాయట.

ఆలోచించాను. కిటికీ పక్క మిషను తలుపు మోకాలితో నొక్కితే గానీ పడదు. మా ఆవిడ బల్ల మీద మరిచిపోయే తాళాలు ఎవరూ చూడకముందే మేకుకు తగిలిస్తాను. ఆవిడ చీకట్లో కుట్టిన తప్పు గుర్తులు విప్పి మళ్ళీ కుడతాను.

"చాలా ఉన్నాయి" అన్నాను.

"ఏమిటవి చాలా?" ముందు గదిలోంచి మా ఆవిడ.

కోడలు తలుపు దగ్గరికి వేసి వచ్చి, నా ఎదురుగా బట్టల బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. ఒక్కొక్కటీ చెప్పండి అంది.

"వరస గుర్తు లేదమ్మా" అన్నాను.

"పేరు పెట్టి చెప్పండి మామయ్యా. వరస తప్పినా ఫర్వాలేదు."