జారిపడిన బిళ్ల

మల్లెల సారం క్రిములను ఆపగలదని పూలపిచ్చి నమ్మకం. ఆ పేరు ఆమెకి ల్యాబులోవాళ్లు పెట్టిందే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని పెద్దమేడమ్ కూడా విసుక్కునేది. "ఇదే ఆఖరు. ఈసారీ ఫలితం రాకపోతే ఆ పూలన్నీ మూటగట్టుకుని బల్ల ఖాళీ చెయ్యి" అని నిన్ననే తేల్చి చెప్పేసింది.

పూలపిచ్చి పద్ధతి తెలియని మనిషి కాదు. స్పిరిట్‌లో కలిపిన సారంలో కాగితపు బిళ్లలు ముంచి, స్పిరిట్ ఆరిపోయాక, గడ్డకట్టిన జెల్లీ మీద క్రిములు చల్లిన గాజు పళ్లాల్లో అంటించాలి. కానీ అవి ఆరుతుంటే గదంతా ఘుమఘుమలాడింది. తన సొత్తంతా గాలిపాలవుతోందని ఆమె ప్రాణం ఉసూరుమంది. అంతే, తడితడిగానే అంటించి, మూతలు పెట్టి, ఎప్పటిలాగే పళ్లాలు బోర్లించి వెచ్చటి పెట్టెలో పెట్టేసింది. పోల్చి చూడడానికి ఉత్త స్పిరిట్ బిళ్లలూ పెట్టింది. అవీ తడివే.

పొద్దున చూస్తే, మల్లె బిళ్లల చుట్టూ క్రిములు లేని ఖాళీ గుండ్రాలు! ఎగిరి గంతేసింది. తర్వాత స్పిరిట్ పళ్లెం తీసింది. అక్కడా అవే గుండ్రాలు. మల్లె గొప్పతనమేమీ లేదు, అంతా ఆరని స్పిరిట్ చలవే. చేజేతులా చెడగొట్టుకున్నానని స్టూలు మీద కూలబడి ఏడ్చింది.

కళ్లు తుడుచుకుని, పారేద్దామని మిగతా పళ్లాలు తీసింది. రెండింటిలో బిళ్లలు తడికి నిలవక, బోర్లించగానే జారి మూతలో పడ్డట్టున్నాయి. స్పిరిట్ బిళ్ల జారిన పళ్లెంలో క్రిములు దట్టంగా పెరిగాయి. మల్లె బిళ్ల జారిన పళ్లెంలో మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి.

ఆ రెండూ పట్టుకెళ్లి పెద్దమేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఆరకుండానే పెట్టేశావా? బుద్ధుందా అసలు?"

"తప్పే మేడమ్. వాసన పోతుందేమోనని..."

మేడమ్ కళ్లజోడు సర్దుకుని పళ్లాలను వెలుగులో తిప్పితిప్పి చూసింది.

"ఇక్కడ బిళ్ల క్రిములకి తగల్లేదుగా. మరేం తగిలింది?"

"వాసన" అంది పూలపిచ్చి. అనగానే ఒళ్లు ఝల్లుమంది.

"ఒక్క పళ్లెంతో ఏదీ తేలదు. మళ్లీ చెయ్యి. ఈసారి కావాలనే మూతలో పెట్టు. బల్ల ఎక్కడికీ పోదులే."

ఆ సాయంత్రం ఆమె కొత్త బిళ్లలు వరసగా పేర్చి బుద్ధిగా ఆరనిచ్చింది. ల్యాబంతా మల్లెవాసన. పోనీలే, పని మీదేగా పోతోంది అనుకుని నవ్వుకుంది.